అతుకు లేని పని

మా వంటింట్లో గూటి కింద ఒక చిన్న రాతిరోలు ఉన్నది. పిడికెడు అల్లమూ, నాలుగు వెల్లుల్లి రెబ్బలూ వేస్తే దాని గుంట నిండిపోతుంది. కరెంటుతో తిరిగే యంత్రాలు వచ్చి చాలా ఏళ్ళయినా ఆ రోలును మటుకు మా ఇంట్లో ఎవరూ బయట పారెయ్యలేదు. ఎందుకు పారెయ్యలేదో చెప్పాలంటే నాకు పదేళ్ళప్పటి సంగతి చెప్పాలి. ఆ సంగతితో పాటు రెండు కొండలూ, ఆ కొండలను తొలిచి గుళ్ళు చేసిన మనుషులూ కూడా వస్తారు. పిల్లలు కాస్త ఓపిక పట్టాలి.

మాది కృష్ణకు దక్షిణపు గట్టున, గుంటూరు జిల్లాలో ఒక ఊరు. 1961 వేసవిలో మా అక్క పెళ్ళి కుదిరింది. పెళ్ళంటే గారెలకు పప్పు రుబ్బాలి గదా! మా పాత రుబ్బురోలు అరిగి అరిగి అడుగున చిల్లి పడే స్థితికి వచ్చింది. అందుచేత మా నాన్న కొత్త రోలు చెయ్యమని రోళ్ళ తాతకు పురమాయించాడు. మజూరీ పన్నెండు రూపాయలు, పైన ఒక కుంచం బియ్యం.

రోళ్ళ తాత అసలు పేరు పిల్లలలో ఎవరికీ తెలియదు. ఊరి చివర తుమ్మచెట్టు కింద కూర్చుని రోళ్ళూ, సన్నికళ్ళూ, తిరగళ్ళూ చేసేవాడు. పని లేని రోజుల్లో ఇంటింటికీ తిరిగి, అరిగిపోయిన తిరగళ్ళకు కక్కు కొట్టేవాడు. కృష్ణ మీద బ్యారేజి కట్టే రోజుల్లో—అది 1957లో పూర్తయింది—అక్కడ రాయి కొట్టిన చేతులు ఆయనవి. ఆయన దగ్గర ఉన్న సామానల్లా ఒక సమ్మెట, రెండు సుత్తులు, లావుపాటి శానాలు నాలుగు, సన్న ఉలులు ఒక అరడజను, ఒక చిన్న కొలిమి. అంతే.

బడి లేని రోజుల్లో నేను వెళ్ళి ఆయన ఎదట కూర్చునేవాణ్ణి. నాకు అన్నిటికన్నా నచ్చింది సాయంకాలం పని. రోజంతా రాతిని కొట్టిన ఉలి మొన మొద్దుబారి ఉంటుంది. తాత దాన్ని కొలిమిలో ఎర్రగా కాల్చి, దాగలి మీద పెట్టి సాగగొట్టి, మొనను మటుకు చుయ్యిమని నీళ్ళలో ముంచేవాడు. వెంటనే బయటికి తీసి మొన మీద ఎక్కే రంగు చూస్తూ ఉండేవాడు. ఆ రంగు పండుగడ్డి రంగులోకి వచ్చేసరికి మళ్ళీ నీళ్ళలో ముంచేవాడు. ఒక్కసారిగా చల్లార్చిన ఇనుము గట్టిపడుతుంది, కాని గాజులాగా పెళుసు కూడా అవుతుంది. కొంచెం వేడి మిగిల్చి మెల్లిగా చల్లారనిస్తే పెళుసుతనం తగ్గుతుంది. ఇది నేను చాలా కాలం తరవాత పుస్తకంలో చదివాను. తాత ఏ పుస్తకమూ చదవలేదు. “రాయి చెప్పినమాట వింటుంది మనవడా, ఉలే వినదు,” అనేవాడు.

రోలు పని మొదలై అయిదు రోజులైంది. బయటి గుండ్రం తీరింది. గుంట సగానికి పైగా దిగింది. ఇక అంచు చదును చెయ్యాలి. మధ్యాహ్నం తాత అన్నానికి ఇంటికి వెళ్ళాడు. చెట్టు కింద నేనూ, రోలూ, ఉలీ, సుత్తీ మిగిలాం.

ఏం జరిగిందో మీరు ఊహించే ఉంటారు. తాత కొడుతూ ఉంటే రాయి గవ్వల్లాగా చిన్న చిన్న పెచ్చులుగా ఎగిరేది. నేనూ అట్లాగే రెండు పెచ్చులు ఎగరగొడదామనుకున్నాను. శానం తీసి అంచు మీద ఆనించి సుత్తితో ఒక్కటి వేశాను. ఒక్కటే! కొబ్బరిచిప్పంత ముక్క అంచునుంచి ఊడి నా కాళ్ళ దగ్గర పడింది.

అప్పుడు నేను చేసిన పని తలుచుకుంటే ఈనాటికీ సిగ్గు వేస్తుంది. ఆ ముక్కను ఎత్తి దాని చోట్లోనే పెట్టాను. అది సరిగ్గా అతికినట్లే కూర్చున్నది. సందు కనపడకుండా తడిమట్టి పూసి, పైన రాతిపొడి చల్లి ఇంటికి పరిగెత్తాను.

సాయంకాలం తాత మా ఇంటికి వచ్చి మా నాన్నతో, “రాతిలో జీర ఉన్నది దొరా, అంచు పోయింది. వేరే రాయి తేవాలి,” అన్నాడు. నేను గుంజ చాటునుంచి వింటున్నాను.

పెళ్ళి పన్నెండు రోజులున్నది. మా నాన్నకు కోపం వచ్చింది. “జీర ఉన్నదో లేదో ముందే చూసుకోవద్దా? పాడైన రాతికి నేను డబ్బివ్వను,” అన్నాడు. తాత తల వంచుకుని, “అక్కర్లేదు లెండి,” అన్నాడు. అయిదు రోజుల కష్టం అట్లా పోయింది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. అయినా నోరు విప్పలేదు.

రెండు రోజుల తరవాత కొత్త రాయి కోసం తాడేపల్లి వైపు కొండలకు బండి కట్టారు. పెళ్ళి సరుకులు కొన్ని సీతానగరంలో తీసుకోవలసి ఉండటంచేత నన్ను కూడా తాత వెంట పంపారు. దారి పొడుగునా నేను మాట్లాడలేదు. తాత మటుకు మామూలుగానే ఎడ్లను అదిలిస్తూ, మధ్య మధ్య దగ్గుతూ కబుర్లు చెప్పాడు.

ఉండవల్లి చేరేసరికి ఎండ ఎక్కింది. ఎడ్లకు గడ్డి వేసి, “రా, మా పెద్దవాళ్ళ పని చూపిస్తాను,” అని తాత నన్ను కొండ దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన వంశంలో ఎవరైనా అక్కడ పనిచేశారని కాదు. రాయి కొట్టినవాళ్ళంతా ఆయనకు పెద్దవాళ్ళే.

మీలో చాలామంది ఉండవల్లి చూసే ఉంటారు. విజయవాడనుంచి బ్యారేజి దాటితే ఎంతో దూరం లేదు. కొండ ముఖాన నాలుగు అంతస్తుల మేడ ఉంటుంది. దూరాన్నుంచి చూస్తే ఎవరో రాళ్ళు పేర్చి కట్టినట్లే ఉంటుంది. వరసగా స్తంభాలు, స్తంభాల మీద దూలాలు, పైన చూరు, ఒక అంతస్తు అంచున కూర్చున్న మునుల బొమ్మలు, సింహాలు. విష్ణుకుండిన రాజుల కాలంలో, అంటే సుమారు 1,400 లేక 1,500 ఏళ్ళ కిందట, దీన్ని తొలిచారని చరిత్రకారులు చాలామంది చెబుతారు.

నేను కూడా, “తాతా, ఇంత ఇంత స్తంభాలు పైకి ఎట్లా ఎక్కించారు?” అని అడిగాను.

తాత నవ్వాడు. “ఎక్కించలేదురా. ఒక్క స్తంభాన్ని కూడా నిలబెట్టలేదు. స్తంభాల మధ్య రాయి తీసేశారు. స్తంభం ముందునుంచీ అక్కడే ఉన్నది.”

ఈ మాట అర్థం కావటానికి నాకు కొంచెం సేపు పట్టింది. ఇల్లు కట్టేవాడు లేనిదాన్ని తెచ్చి పెడతాడు. గోడ వంకర పోతే నాలుగు ఇటికలు ఊడదీసి మళ్ళీ పెడతాడు. కొండ తొలిచేవాడు ఉన్నదాన్ని తీసేస్తాడు. తీసినదాన్ని మళ్ళీ పెట్టే వీలు లేదు. ఏది ఉండాలో వాడు ముందే అంతా చూసుకుని, అది తప్ప మిగిలినదాన్ని తియ్యాలి. గది మధ్య స్తంభం కావాలంటే, ఇంకా గదే లేనప్పుడు, స్తంభం ఎక్కడ ఉంటుందో తెలిసి ఉండాలి.

మెట్లు ఎక్కి పైకి వెళ్ళాం. లోపల చీకటిలో అనంతపద్మనాభస్వామి శేషుడి మీద పడుకుని ఉన్నాడు. 15 అడుగులకు పైబడిన విగ్రహం. దీపం వెలుగులో మొహం ఒకసారీ, పాదాలు ఒకసారీ కనిపించాయి తప్ప స్వామి యావత్తూ ఒక్కసారిగా కనిపించలేదు. తాత దణ్ణం పెట్టుకుని, మళ్ళీ వెలుతురులోకి వచ్చి, నన్ను పని పూర్తికాని చోటుకు తీసుకుపోయాడు. అందరూ స్వామిని చూడటానికి వస్తారు. తాత అసలు చూడవచ్చింది దీన్నేమోనని నాకు అనుమానం.

ఆ గోడ మీద నునుపు లేదు. ఏటవాలుగా పొడుగాటి ఉలిగాట్లు వరసలుగా ఉన్నాయి, దువ్వెనతో దువ్వినట్లు. తాత వాటి మీద వేలు పెట్టకుండా, గాలిలోనే వేలు ఆడిస్తూ చదవసాగాడు. “ఇవి లావు శానంతో కొట్టినవి. త్వరగా రాయి తియ్యటానికి. వీటి మీద సన్న ఉలితో వస్తే చుక్క చుక్కలుగా గాట్లు పడతాయి. ఆ తరవాత ఉలి వాడరు, రాతితోనే రుద్దుతారు. ఇదుగో, ఈ గాట్లన్నీ ఇటు వాలినాయి. ఈ నాలుగూ అటు వాలినాయి. ఇక్కడ కూర్చున్నవాడిది ఎడమచెయ్యి.”

నిజంగా ఎడమచేతివాడో, లేక మూలలో చెయ్యి ఆడక అట్లా కొట్టాడో నేను చెప్పలేను. కాని ఆ మాట వినగానే నా ఒళ్ళు జలదరించింది. అప్పటిదాకా అది కొండ, గుడి. ఇప్పుడక్కడ ఒక మనిషి కూర్చున్నాడు. మధ్యాహ్నం అన్నానికి లేచి వెళ్ళినట్లే వెళ్ళి, మళ్ళీ రాలేదు.

“తాతా, పని మధ్యలో తప్పు దెబ్బ పడితే?” అన్నాను. ఎందుకు అడిగానో నాకే తెలియదు. నోట్లోనుంచి వచ్చేసింది.

“పడుతుంది. పడకుండా ఎట్లా ఉంటుంది?” అన్నాడు తాత. “బొమ్మకు ముక్కు చెక్కుతూ ఉంటే కొస ఎగిరిపోయిందనుకో. ముక్కు మళ్ళీ రాదు. అప్పుడు మొహం అంతా ఒక వేలు మందం లోపలికి దించాలి. మొహం దిగింది కనక మెడ దించాలి, భుజాలు దించాలి. బొమ్మ చిన్నదవుతుంది. అంతేగాని, రాతికి అతుకు లేదు మనవడా.”

కిందికి దిగి వస్తూ ఉంటే దారి పక్కన బండరాళ్ళు పడి ఉన్నాయి. తాత ఒక గులకరాయి తీసుకుని ఒక బండ మీద తట్టాడు. కంగుమన్నది. ఇంకోదాని మీద తట్టాడు. అది పగిలిన కుండలాగా బొదబొదలాడింది. “దీనిలో జీర ఉన్నది. మంచి రాయి గంటలాగా మోగుతుంది. పగులున్న రాయి ఎంత పైకి బాగున్నా మోగదు,” అన్నాడు. శిల్పశాస్త్ర గ్రంథాలలో కూడా రాతిని మోగించి పరీక్షించమని ఉన్నది. ఆ సంగతి తరవాత తెలుసుకున్నాను.

నాకు వెంటనే ఒకటి తోచింది. ముక్క ఊడిన రోజు సాయంకాలం తాత రోలు మీద సుత్తితో తట్టి చూడటం నేను దూరాన్నుంచి విన్నాను. అది కంగుమనే మోగింది.

అక్కడే నిలబడిపోయాను. ఏడుపు వచ్చింది. “తాతా, జీర లేదు. నేను కొట్టాను,” అన్నాను.

“తెలుసు,” అన్నాడు తాత. “సందులో మట్టి పూసింది జీర కాదుగదా!”

“మరి నాన్నతో జీర అని ఎందుకు చెప్పావు?”

“నీ పేరు చెబితే మీ నాన్న నిన్ను కొడతాడు. రాయిని నేను రోజూ కొడుతూనే ఉన్నాను. అదేమీ అనుకోదు.”

ఇంటికి వచ్చాక నేను మా నాన్నతో నిజం చెప్పాను. చెప్పమని తాత అనలేదు, వద్దనీ అనలేదు. మా నాన్న కొట్టలేదు. పొద్దున్నే పన్నెండు రూపాయలు తీసుకుని తుమ్మచెట్టు దగ్గరికి వెళ్ళాడు. కొత్త రోలు పెళ్ళికి రెండు రోజుల ముందు తయారయింది. ఆ రోలులో రుబ్బిన పిండితో వేసిన గారెలు నేను కూడా తిన్నాను.

ఇక రెండో కొండ సంగతి.

పెద్దయ్యాక నేను లెక్కల మాస్టరునయాను. 1985 చలికాలంలో తొమ్మిదో తరగతి పిల్లలను ఎల్లోరా తీసుకువెళ్ళాం. అప్పుడు ఔరంగాబాద్ అనేవాళ్ళు. ఆ ఊరికి ఇప్పుడు ఛత్రపతి శంభాజీనగర్ అని పేరు. అక్కడినుంచి సుమారు 30 కిలోమీటర్లు. ఇది మన తెలుగువాళ్ళకు మరీ పరాయి చోటు కూడా కాదు. 1956 దాకా ఎల్లోరా హైదరాబాదు రాష్ట్రంలోనే ఉండేది. అజంతానూ, ఎల్లోరానూ హైదరాబాదు పురావస్తు శాఖే చూసేది. ఆ శాఖను గులాం యజ్దానీ అనే పండితుడు ఎన్నో ఏళ్ళు నడిపాడు.

ఎల్లోరాలో 34 గుహలకు వరస నంబర్లు ఇచ్చారు. 1 నుంచి 12 దాకా బౌద్ధులవి, 13 నుంచి 29 దాకా హిందువులవి, 30 నుంచి 34 దాకా జైనులవి. పదహారోది కైలాసనాథుడి గుడి. దాన్ని గుహ అనటం ఊరికే వరసకు అనటమే. అది గుహ కాదు. కొండను పైనుంచి మూడు పక్కలా కందకాలుగా తవ్వి, మధ్యలో ఒక పెద్ద రాతిదిమ్మను ఒంటరిగా నిలిపి, ఆ దిమ్మను శిఖరంనుంచి పునాదిదాకా గుడిగా చెక్కారు. గోపురద్వారం, నంది మండపం, రెండు ధ్వజస్తంభాలు, ఏనుగులు, లోపలి గర్భగుడి, అంతా ఆ కొండరాయే. రాష్ట్రకూట రాజు మొదటి కృష్ణుడి కాలంలో, అంటే ఇంచుమించు 756 నుంచి 773 దాకా, ఈ పనిలో ముఖ్యభాగం జరిగిందని చెబుతారు. ముందు రాజులూ, తరవాతి రాజులూ కూడా కొంత చేయించారని పండితుల అభిప్రాయం.

పిల్లలు ముందు ఏనుగుల దగ్గరికి పరిగెత్తారు. గుడి అడుగున చుట్టూ ఏనుగులూ సింహాలూ ఉన్నాయి, గుడిని వీపుల మీద మోస్తున్నట్లు. దక్షిణపు పక్కన రావణాసురుడు కైలాసపర్వతం కిందికి దూరి ఎత్తటానికి చూస్తున్నాడు. పైన పార్వతి బెదిరి శివుడి చెయ్యి పట్టుకున్నది. శివుడు మటుకు కాలితో నొక్కి ఊరుకున్నాడు. రావణుడి వెనక చీకటి. ఆ చీకటి కోసం ఎంత లోతు తొలిచారో చూసి నాకు మా తాత గుర్తుకు వచ్చాడు. చీకటిని కూడా చెక్కినవాళ్ళు వాళ్ళు!

లెక్కల మాస్టరు ఊరికే ఉంటాడా? గుడి వెనక నీడలో పిల్లలను కూర్చోబెట్టి లెక్క వేయించాను. మీరూ వెయ్యండి. తవ్విన ఆవరణ పొడుగు ఇంచుమించు 84 మీటర్లు, వెడల్పు 47. వెనక పక్క కొండ నిట్రంగా 33 మీటర్ల దాకా ఉంటుంది, ముందుకు వచ్చేసరికి తగ్గిపోతుంది. సగటు లోతు 20 మీటర్లు అనుకుందాం. మొత్తం 78,960 ఘనమీటర్లు. దీనిలో మూడో వంతు గుడిగా మిగిలిందనుకుంటే తీసేసినది సుమారు 52,600. ఈ నల్లరాయి ఘనమీటరు దాదాపు మూడు టన్నుల బరువుంటుంది. అంటే లక్షా యాభై వేల టన్నులకు పైమాటే! ఇది చెట్టు కింద వేసిన లెక్క. పుస్తకాలలో ఇంతకన్నా పెద్ద అంకెలు కనిపిస్తాయి. నేను తగ్గించే వేశాను.

కృష్ణరాజు ఏలిన 17 ఏళ్ళలోనే, ఏడాదికి 300 రోజుల చొప్పున ఈ రాయి తీశారనుకుంటే రోజుకు 30 టన్నులు పడుతుంది. బండికి టన్ను చొప్పున ముప్ఫయి ఎడ్లబళ్ళు. రోజూ. మందుగుండు లేదు, యంత్రం లేదు. సుత్తి, ఉలి. ఉలి అన్నాక కొలిమి కూడా ఉండి తీరాలి. ఎన్ని వందల ఉలులు రోజూ మొద్దుబారేవో, ఎన్ని కొలుములు మండేవో, ఎంత బొగ్గు తగలబడేదో! శిల్పులను పొగిడేవాళ్ళకు కమ్మరివాళ్ళు గుర్తురారు.

పైనుంచి కిందికి ఎందుకు చెక్కారని ఒక పిల్ల అడిగింది. మంచి ప్రశ్న. పైనుంచి మొదలుపెడితే పరంజీలు అక్కర్లేదు. చెక్కేవాడు ఇంకా తియ్యని రాతి మీదనే నిలబడతాడు. శిఖరం పూర్తయ్యాక ఒక మెట్టు కిందికి దిగుతాడు. పైనుంచి పడే పెచ్చులు కింద ఉన్న బొమ్మలను పాడుచెయ్యటానికి కింద ఇంకా బొమ్మలే ఉండవు. మహాబలిపురంలో వలయన్‌కుట్టై రథం, పిడారి రథాలు అని అసంపూర్తిగా మిగిలినవి ఉన్నాయి. వాటిలో పై భాగం ముచ్చటగా తీరి ఉంటుంది, కింద మొండిరాయి. పని ఏ వైపునుంచి నడిచేదో అవే చెబుతాయి. అక్కడే కొన్ని గుహలలో రాతిముఖాన్ని చదరంగపు బల్లలాగా చిన్న చిన్న గళ్ళుగా గాడి తీసి, ఒక్కొక్క గడినీ కొట్టేసిన ఆనవాళ్ళు కూడా మిగిలి ఉన్నాయి. పూర్తయిన పని తన రహస్యాన్ని దాచుకుంటుంది. పూర్తికానిది దాచుకోలేదు.

ఇంకో సంగతి రాతి రకం. 578లో శాసనం వేసిన బాదామి మూడో గుహ ఇసుకరాయి. ఉలికి బాగా లొంగుతుంది, కనక అక్కడ నగల నకిషీ కూడా కనిపిస్తుంది. మహాబలిపురపు నల్లసేనపు రాయి కఠినం. అందుకే అక్కడి గుహలు చిన్నవి, లోతు తక్కువ. ఎల్లోరాది సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట భూమిలోనుంచి పొంగి పారి, పొరలు పొరలుగా గడ్డకట్టిన లావా. మన భైరవకోనలో ఎనిమిది చిన్న శివాలయాలు ఉన్నాయి. కొండవాగు పక్కన, ఒక్కొక్కటి ఒక గది అంత. అవి చూస్తే కైలాసం చూసినంత ఆశ్చర్యం వెయ్యదు, కాని ఎదట కూర్చుని ఉలిదెబ్బలు లెక్కపెట్టుకోవచ్చు. నాకు అవే ఎక్కువ ఇష్టం.

పల్లవరాజు మహేంద్రవర్మ మండగపట్టు అనే చోట ఒక గుహాలయం తొలిపించి, ఇటికా కలపా లోహమూ సున్నమూ లేకుండా బ్రహ్మ విష్ణు మహేశ్వరులకు గుడి చేయించానని శాసనం వేసుకున్నాడు. గర్వపడవలసిన పనే. కాని ఆ శాసనంలో రాజు ఉన్నాడు, ఉలి పట్టినవాడు లేడు. కైలాసం విషయం ఇంకా విచిత్రం. బరోడాలో దొరికిన ఒక రాగిశాసనం 812వ సంవత్సరం ప్రాంతానిది. ఆ గుడిని చూసి దేవతలే ఇది మనుషుల పని కాదనుకున్నారనీ, దాన్ని చేసిన శిల్పి కూడా ఇది నేనెట్లా చెయ్యగలిగానని తనకు తానే ఆశ్చర్యపడ్డాడనీ అందులో ఉన్నది. అతని ఆశ్చర్యాన్ని రాశారు, పేరు రాయలేదు! కైలాసానికి మాదిరి అని చెప్పే పట్టదకల్లు విరూపాక్షాలయం దగ్గర మటుకు గుండ అనే స్థపతి పేరూ, రాజు అతనికి ఇచ్చిన బిరుదూ చెక్కి ఉన్నాయి. అంత అదృష్టం అందరికీ పట్టలేదు.

ఆ సాయంకాలం నేను ఒక్కణ్ణీ కైలాసం ఆవరణలో ఇంకోసారి తిరిగాను. తప్పు దెబ్బ ఎక్కడైనా కనిపిస్తుందేమోనని చూశాను. అంత పనిలో ఒక్కటైనా పడి ఉండదా? ఏనుగుల తొండాలు విరిగి ఉన్నాయి, కాని అవి తరవాతి దెబ్బలు. పక్క మండపాలకు వెళ్ళే రాతివంతెన పడిపోయింది, అదీ తరవాతదే. ఒకప్పుడు గుడికంతటికీ తెల్లని సున్నపు గచ్చు పూసి, రంగులు వేశారు. ఆ గచ్చు ఇప్పటికీ అక్కడక్కడా అంటుకుని ఉన్నది. రంగమహల్ అనే పేరు దానికి అందుకే వచ్చిందంటారు. ఏ సందులో ఏ గచ్చు ఏ తప్పును కప్పిందో! మట్టి పూసినవాణ్ణి గనక నాకు అట్లాంటి ఆలోచనలే వస్తాయి.

తాతకు ఈ గుడి చూపించాలనిపించింది. అప్పటికి ఆయన పోయి పదమూడేళ్ళయింది. ఆ దగ్గే ఆయన్ను తీసుకుపోయింది. రాతిని పొడిగా కొట్టేటప్పుడు కంటికి కనిపించని ధూళి ఊపిరితిత్తుల్లో చేరుతుంది. సిలికా ఎక్కువ ఉన్న రాళ్ళ ధూళి లోపల పుళ్ళు చేసి మచ్చలు కట్టిస్తుంది. దీన్ని సిలికోసిస్ అంటారు. వచ్చాక తగ్గించే మందు లేదు. రాతి మీద నీళ్ళు చల్లి కొడితే ధూళి తక్కువ లేస్తుంది. ముక్కుకు తగిన తొడుగు ఉండాలి. ఇవాళ కూడా ఎన్నో రాతిక్వారీలలో ఈ రెండూ లేకుండా పని జరుగుతున్నది. మా ఊళ్ళో అప్పుడు ఎవరికీ ఇది తెలియదు. తాతకు చుట్ట మానమని మటుకు అందరూ చెప్పేవాళ్ళు.

చిన్న రోలు సంగతి మరిచిపోలేదు. అక్క పెళ్ళయిన వారానికి తాత దాన్ని చంకన పెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ముక్క పోయిన పెద్దరోలునే చుట్టూ తగ్గించి, గుంట తగ్గించి, అంచు కిందికి దించి చిన్నది చేశాడు. నా చేతికిచ్చి, “ఇదుగో, నీ రోలు,” అన్నాడు. డబ్బిస్తే తీసుకోలేదు.

దాని అంచు ఒక పక్క కొంచెం వాలుగా ఉంటుంది. మొన్న మా మనవరాలు అల్లం దంచుతూ, “తాతయ్యా, ఈ పక్కనుంచి రసం కారిపోతున్నది, అంచు సమంగా చెయ్యలేదేం?” అని అడిగింది. నేనూ ఆ రోజు తాతను అదే అడిగాను. నా దెబ్బ అంత లోతుకు దిగిందట. అది కనిపించకుండా ఇంకా తగ్గించాలంటే గుంటే మిగలదన్నాడు.